సబ్‌డొమైన్ పెట్టాలా, ఫోల్డర్ చాలా? తేల్చుకోవడం, పెట్టుకోవడం ఎలా

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల దుకాణం నడిపే ఒక పెద్దాయనకు కొన్నేళ్ల కింద వెబ్‌సైట్ చేసిచ్చాను. వాళ్లబ్బాయికి ఉత్సాహం ఎక్కువ. దర్రీలకు ఒక సబ్‌డొమైన్ (అసలు అడ్రసు ముందు చుక్కతో చేర్చే ఇంకో పేరు), కార్పెట్లకు ఒకటి, హోల్‌సేల్‌కు ఒకటి, బ్లాగుకు ఒకటి, తెలుగు పేజీలకు ఇంకొకటి కావాలన్నాడు. ఐదూ పెట్టేశాను. పని అయ్యాక ల్యాప్‌టాప్ తిప్పి చూపిస్తే పెద్దాయన ఒక్కో అడ్రసూ నెమ్మదిగా చదివి, "దుకాణం ఒక్కటే గదా బిడ్డా, ఐదు తలుపులెందుకు?" అన్నాడు.

"గూగుల్‌ల ఐదు చోట్ల కనవడతది కాకా" అన్నాను.

ఆ జవాబు తప్పని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ కథ దాని చోట చెప్తాను. మీ సైటుకు సబ్‌డొమైన్ అవసరమా కాదా ఎలా తేల్చుకోవాలి, అవసరమైతే ఎలా పెట్టుకోవాలి అన్నది ముందు వరసగా చూద్దాం. మీకు ఒక డొమైన్ ఉంది, ఏదో ఒక కంపెనీ దగ్గర హోస్టింగ్ తీసుకున్నారు అనుకుంటున్నాను. కోడింగ్ రానక్కర్లేదు.

అడ్రసు చదవడం

మన జిల్లా అధికారిక సైటు అడ్రసు చూడండి: వరంగల్.తెలంగాణ.గవ్.ఇన్. దీన్ని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఇన్ అంటే దేశం. దాని కింద గవ్, అంటే ప్రభుత్వం. దాని కింద తెలంగాణ, ఆ కింద వరంగల్. హనుమకొండ జిల్లాకు ఇదే వరసలో ఇంకో సైటు ఉంది. ఒక్కో చుక్క దగ్గర పెత్తనం ఒక మెట్టు కిందికి దిగుతుంది. తెలుగు వికీపీడియా అడ్రసూ ఇంతే, వికీపీడియా.ఆర్గ్ ముందు తెలుగుకు గుర్తుగా టీఈ అనే రెండక్షరాలు. మనం అలవాటుగా కొట్టే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కూడా నిజానికి ఒక సబ్‌డొమైనే.

మీ డొమైన్ మీపేరు.ఇన్ అనుకుందాం. షాప్.మీపేరు.ఇన్ అని రాస్తే సబ్‌డొమైన్. మీపేరు.ఇన్/షాప్ అని రాస్తే ఫోల్డర్. పైకి చుక్కకూ గీతకూ ఉన్న తేడాలాగే కనిపిస్తుంది. కానీ చుక్కలతో ఉన్న పేరును చూసేది డీఎన్ఎస్. ఈ పేరు ఏ సర్వర్‌దో, అంటే సైటు ఫైళ్లు ఏ కంప్యూటర్ మీద ఉన్నాయో అది చెప్తుంది, అక్కడితో దాని పని అయిపోయింది. గీత తర్వాత ఏముందో దానికి తెలియదు. అది సర్వర్ లోపలికి వెళ్లాక తేలే సంగతి. పోస్ట్‌మ్యాన్ ఉత్తరాన్ని గడప దాకా తెస్తాడు, ఏ గదిలో ఎవరికివ్వాలో ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. ఇదీ అంతే.

ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే సగం సందేహాలు తీరిపోతాయి. మీ సైటులో ఒక భాగం వేరే కంపెనీ సర్వర్ మీద నడవాలంటే, ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునే మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో ఫోల్డర్‌ను అక్కడికి పంపలేరు. పేరునే పంపాలి. అంటే సబ్‌డొమైన్ కావాలి.

మొదటి పని: కాగితం మీద రాయండి

హోస్టింగ్ లాగిన్ తెరవకండి. ఒక తెల్లకాగితం తీసుకొని మీ సైటులో ఉండబోయే భాగాలన్నీ ఒకదాని కింద ఒకటి రాయండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: ఏ సర్వర్ మీద ఏ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది, రోజూ దాన్ని చూసుకునేది ఎవరు, దాని కోసం వచ్చేవాళ్లు మిగతా సైటుకు వచ్చేవాళ్లేనా.

మన ఇళ్లల్లో అన్నదమ్ములు వేరుపడ్డారని ఎప్పుడంటాం? పొయ్యి వేరైనప్పుడు. ఒకే ఇంట్లో నాలుగు గదుల్లో నాలుగు జంటలున్నా, పొయ్యి ఒకటైతే అది ఒకటే కుటుంబం. వెబ్‌సైట్‌కూ నేను ఇదే కొలత పెడతాను. సర్వర్, సాఫ్ట్‌వేర్, చూసుకునే మనిషి, ఈ మూడూ వేరా అని చూడండి. కనీసం రెండు వేరైతే సబ్‌డొమైన్ గురించి ఆలోచించండి. మూడూ ఒకటే అయితే ఫోల్డర్ చాలు.

నక్కలగుట్టలో ఒక కోచింగ్ సెంటర్‌కు పని చేశాను. ఫీజుల వివరాలు, ఫోటోలు, ఫలితాలు ఉన్న మామూలు వర్డ్‌ప్రెస్ (కోడింగ్ లేకుండా సైటు నడిపే సాఫ్ట్‌వేర్) సైటు చిన్న షేర్డ్ హోస్టింగ్ మీద ఉంది. దానికి తోడు ఎప్‌సెట్ మాక్ టెస్టులు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నారు. టెస్టులకు మూడిల్ అనే పాఠాల, పరీక్షల సాఫ్ట్‌వేర్ వాడాం. ఆదివారం పొద్దున పది గంటలకు కొన్ని వందల మంది పిల్లలు ఒకేసారి లాగిన్ అవుతారు. ఆ భారం చిన్న హోస్టింగ్ మోయలేదు, కాబట్టి మూడిల్‌కు వేరే సర్వర్ తీసుకున్నాం. చూసుకునేది టెస్టుల విభాగం మాస్టారు, ఆఫీసు వాళ్లు కాదు. వచ్చేది లాగిన్ ఉన్న పిల్లలే. మూడూ వేరు. అక్కడ టెస్ట్.మీపేరు.ఇన్ తరహా పేరు పెట్టడం సరైన పని. పరీక్ష మధ్యలో టెస్టు సర్వర్ నెమ్మదించినా, అడ్మిషన్ కోసం చూసే తల్లిదండ్రులకు అసలు సైటు మామూలుగానే తెరుచుకుంటుంది.

అపాయింట్‌మెంట్ల కోసం బయటి కంపెనీ సేవ వాడే క్లినిక్, షాపిఫై మీద అమ్మకాలు నడిపే చీరల దుకాణం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల సర్వర్ మీదే ఉంటుంది కాబట్టి మీ పేరుతో కనిపించాలంటే సబ్‌డొమైనే దారి.

ఇక ఫోటోల గ్యాలరీ, ధరల పట్టిక, బ్లాగు, హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ బ్రాంచీల పేజీలు, తెలుగు పేజీలు, ఇవన్నీ ఫోల్డర్లుగానే ఉండాలి. వికీపీడియాకు ఒక్కో భాషకు ఒక్కో సబ్‌డొమైన్ ఉంది గదా అంటారు. అక్కడ తెలుగు వికీపీడియాను రాసేవాళ్లు వేరు, వ్యాసాలు వేరు, నిర్ణయాలు వేరు. మీ దుకాణంలో ఇంగ్లిష్ పేజీ రాసిన మనిషే దాన్ని తెలుగులోకి మారుస్తాడు. పొయ్యి ఒకటే.

పూర్తిగా వేరే వ్యాపారం అయితే, రేపు దాన్ని తమ్ముడి పేరు మీద రాసివ్వడమో అమ్మడమో ఉంటే, సబ్‌డొమైన్ కూడా వద్దు, వేరే డొమైన్ కొనండి. సబ్‌డొమైన్‌ను విడిగా అమ్మలేరు.

గూగుల్ సంగతి

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, నేను కాకకు తప్పు చెప్పిందీ ఇక్కడే. సబ్‌డొమైన్‌గా పెట్టినా ఫోల్డర్‌గా పెట్టినా తమ సెర్చ్‌కు ఇబ్బంది లేదని గూగుల్ వాళ్లు బహిరంగంగానే చెప్పారు. కాబట్టి ఎక్కువ సబ్‌డొమైన్లు పెడితే ఎక్కువ చోట్ల కనిపిస్తామన్నది ఉత్త మాట.

కాకపోతే శ్రమ లెక్క వేరు. ఏ పేజీలు చూడొచ్చో సెర్చ్ ఇంజన్లకు చెప్పే రోబోట్స్ ఫైలు ఒక్కో పేరుకూ విడిగా ఉండాలి. అసలు సైటులోని రోబోట్స్ ఫైలు సబ్‌డొమైన్‌కు వర్తించదు. సైట్‌మ్యాప్, అంటే గూగుల్‌కు ఇచ్చే పేజీల జాబితా, విడిగా చూసుకోవాలి. లోపలి లింకులు తెగిపోకుండా రెండు వైపులా కలపాలి. చిన్న దుకాణానికి ఉన్నవే ఇరవై ముప్పై పేజీలు. వాటిని ఐదు చోట్లకు పంచితే ఒక్కో చోట ఆరు పేజీల బక్క సైటు మిగులుతుంది. ఎవరైనా మీ దర్రీల గురించి రాసి లింకు ఇస్తే అది ఒక ముక్కకే చేరుతుంది. నా అనుభవంలో చిన్నవాళ్లకు అన్నీ ఒకే గడప కింద ఉండటమే మేలు.

ఎనిమిది నెలల తర్వాత

కాక దుకాణానికి ఐదు సబ్‌డొమైన్లన్నాను గదా. ఒక్కోదాంట్లో ఒక్కో వర్డ్‌ప్రెస్, అసలు సైటుతో కలిపి ఆరు. అసలు సైటునూ హోల్‌సేల్‌నూ వాళ్లు వాడేవాళ్లు కాబట్టి వాటి అప్‌డేట్లు నేను చూసుకుంటూ వచ్చాను. కార్పెట్ల సైటును పెట్టిన నెల తర్వాత ఎవరూ తెరవలేదు. అందులో ఒక పాత ప్లగిన్‌లో (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు ముక్క) లొసుగు ఉంది. ఎవరో దాంట్లోంచి దూరారు.

దూరినవాడు కార్పెట్ల దగ్గరే ఆగలేదు. ఆరు సైట్లూ ఒకే హోస్టింగ్ ఖాతాలో, ఒకే యూజర్ కింద ఉన్నాయి. అడ్రసులు వేరైనా ఫైళ్లన్నీ ఒకే బీరువాలో ఉన్నట్టు. అన్ని ఫోల్డర్లలోనూ చెత్త ఫైళ్లు పడ్డాయి. హోస్టింగ్ వాళ్లు ఖాతా మొత్తం ఆపేశారు, వాళ్ల వైపు నుంచి అది సరైన పనే. ఆర్డర్లు వచ్చే మెయిల్ కూడా ఆ ఖాతాలోనే ఉండటంతో అదీ ఆగింది. దసరా ముందు నాలుగు రోజులు. కాక ఫోన్ చేసి కోపపడలేదు. "ఏమైంది బిడ్డా, సైటు తెరుస్తలేదట?" అని మాత్రం అడిగాడు. ఆ నాలుగు రోజులూ నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను. ఒకే హోస్టింగ్ ఖాతాలో సబ్‌డొమైన్ పెడితే అది రక్షణ కాదు. గోడ అడ్రసులోనే ఉంటుంది, ఫైళ్ల మధ్య ఉండదు. నిజంగా విడిగా ఉండాలంటే వేరే ఖాతా కావాలి. అంతకంటే ముందు, పెట్టబోయే ఒక్కో సబ్‌డొమైన్‌కూ అప్‌డేట్లు, బ్యాకప్ చూసుకునే మనిషి పేరు మీ కాగితం మీద రాయండి. పేరు రాయలేకపోతే ఆ సబ్‌డొమైన్ పెట్టకండి.

సరే, అన్నీ చూసుకున్నాక కూడా కావాలనే తేలిందనుకుందాం.

పేరు

ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మధ్యలో హైఫన్ వాడొచ్చు. ఖాళీలు పనికిరావు, అండర్‌స్కోర్ జోలికి పోకండి. చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాలు దాటకూడదు, అంత పొడుగు ఎవరూ పెట్టరనుకోండి.

అసలు పరీక్ష ఫోన్‌లో చెప్పి చూడటం. అవతలి మనిషి మారు అడగకుండా రాసుకోగలగాలి. మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. హనుమకొండను ఇంగ్లిష్‌లో కొందరు హనమ్‌కొండ అని వచ్చేట్టు రాస్తారు, కొందరు హనుమకొండ అని వచ్చేట్టు రాస్తారు. బోర్డుల మీద రెండూ కనిపిస్తాయి. ఆ పేరుతో సబ్‌డొమైన్ పెడితే వచ్చేవాళ్లలో కొంతమంది తప్పు గడప తొక్కుతారు. పరీక్ష, దుకాణం లాంటి తెలుగు మాటలకూ ఇదే ఇబ్బంది, దీర్ఘానికి ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. షాప్, టెస్ట్, బుక్ లాంటి పొట్టి మాటలు మేలు.

మారిపోయే పేర్లూ వద్దు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వచ్చాయి. 2021లో అర్బన్ కాస్తా హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. అర్బన్ అని అడ్రసులో పెట్టుకొని కార్డులు అచ్చేయించినవాళ్లకు ఐదేళ్లలోపే పాతబడింది. సంవత్సరం అంకె, బ్యాచ్ పేరు, వాడుతున్న సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఇలాంటివే. టెస్టుల సైటుకు మూడిల్ అని పేరు పెడితే రేపు మూడిల్ మార్చిన రోజు అడ్రసు కూడా మార్చాలి.

ఇంకొక్క జాగ్రత్త. పేరు నచ్చింది కదా అని సెట్ చేయకముందే బ్రౌజర్‌లో కొట్టి చూడకండి. "అలాంటి పేరు లేదు" అన్న జవాబును కూడా మధ్యలోని డీఎన్ఎస్ సర్వర్లు కాసేపు గుర్తు పెట్టుకుంటాయి. తర్వాత మీరు సరిగ్గా పెట్టినా మీకే తెరుచుకోదు, ఎక్కడ తప్పు జరిగిందోనని గంటసేపు వెతుక్కుంటారు.

హోస్టింగ్‌లో సృష్టించడం

మీ సబ్‌డొమైన్ బయటి కంపెనీ సేవకు వెళ్లేదైతే ఈ మెట్టు వదిలేసి కిందిదానికి వెళ్లండి. సొంత హోస్టింగ్‌లోనే అయితే సీప్యానెల్ (హోస్టింగ్ వాళ్లిచ్చే కంట్రోల్ ప్యానెల్) తెరిచి డొమైన్స్ అన్న చోటుకు వెళ్లండి. కొత్త డొమైన్ సృష్టించు అన్న బటన్ ఉంటుంది. అక్కడ పూర్తి పేరు కొట్టండి, షాప్.మీపేరు.ఇన్ అని. కింద డాక్యుమెంట్ రూట్‌ను, అంటే సైటు ఫైళ్లుండే ఫోల్డర్‌ను, పంచుకోవాలా అని ఒక టిక్కు ఉంటుంది. దాన్ని తీసేయండి. ఉంచితే సబ్‌డొమైన్ తెరిచినా అసలు సైటే వస్తుంది.

టిక్కు తీస్తే ఫోల్డర్ దారి అడుగుతుంది. దీన్ని అసలు సైటు ఉండే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ లోపల పెట్టకండి, దాని బయట విడిగా పెట్టండి. లోపల పెడితే అవే పేజీలు షాప్.మీపేరు.ఇన్ లోనూ, మీపేరు.ఇన్/షాప్ లోనూ తెరుచుకుంటాయి. ఒకే సరుకు రెండు అడ్రసుల్లో కనిపిస్తే గూగుల్‌కూ అయోమయమే, మీకూ అయోమయమే. వేరే రకం కంట్రోల్ ప్యానెల్ అయితే బటన్ల పేర్లు మారతాయి, అడిగే విషయాలు మాత్రం ఇవే.

డీఎన్ఎస్ రికార్డు

ఏ పేరు ఏ సర్వర్‌కు పోవాలో డీఎన్ఎస్‌లో రాసే వరసే రికార్డు. మీ డొమైన్ నేమ్‌సర్వర్లు (ఆ రికార్డులుండే సర్వర్లు) హోస్టింగ్ కంపెనీవే అయితే పై పనితోనే రికార్డు కూడా దానంతటదే పడుతుంది. నేమ్‌సర్వర్లు డొమైన్ కొన్న చోటనో, క్లౌడ్‌ఫ్లేర్ లాంటి డీఎన్ఎస్ సేవ దగ్గరో ఉంటే అక్కడికి వెళ్లి చేత్తో రాయాలి.

సబ్‌డొమైన్ పెట్టడానికి రెండే రకాలు మీకు అవసరం. సర్వర్ ఐపీ నంబరు (ఇంటర్నెట్‌లో దాని అంకెల చిరునామా) మీ దగ్గరుంటే 'ఏ' రికార్డు, ఇంగ్లిష్ మొదటి అక్షరమే దాని పేరు. బయటి కంపెనీ ఒక పేరు ఇచ్చి "దీనికి కలపండి" అంటే సీనేమ్ రికార్డు. బ్లాగర్, షాపిఫై లాంటివి ఎక్కువగా సీనేమే అడుగుతాయి.

తప్పులు జరిగే చోటు ఇదే, ఒకసారి నింపడం చూద్దాం. పేరు అన్న గడిలో షాప్ అని మాత్రమే కొట్టండి. చాలా ప్యానెళ్లలో మిగతాది అదే తగిలించుకుంటుంది. మీరు పూర్తి పేరు కొడితే షాప్.మీపేరు.ఇన్.మీపేరు.ఇన్ అనే వింత తయారవుతుంది. ఇది నేను ఎన్నిసార్లు సరిదిద్దానో లెక్క లేదు. సేవ్ చేశాక జాబితాలో ఎలా పడిందో ఒకసారి చదవండి. విలువ అన్న గడిలో 'ఏ' రికార్డుకైతే ఐపీ నంబరు, సీనేమ్‌కైతే ఉత్త పేరు. ముందు హెచ్‌టీటీపీఎస్ గానీ వెనక గీత గానీ ఉండకూడదు. టీటీఎల్ అంటే ఈ జవాబును మధ్యలోని సర్వర్లు ఎంతసేపు గుర్తు పెట్టుకోవాలో చెప్పే అంకె. అది సెకన్లలో ఉంటుంది, 3600 అంటే గంట. అలాగే వదిలేయొచ్చు.

సీనేమ్ పెట్టిన పేరుకు ఇంకే రికార్డూ ఉండకూడదు. అదే పేరుతో పాత 'ఏ' రికార్డు ఉంటే ముందు దాన్ని తీసేయండి.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. కొన్ని సేవల వాళ్లు "మీ నేమ్‌సర్వర్లు మా వాటికి మార్చండి, అన్నీ మేమే చూసుకుంటాం" అంటారు. ఒక్క సబ్‌డొమైన్ కోసం ఆ పని చేయకండి. నేమ్‌సర్వర్లు మారితే మీ డొమైన్ రికార్డులన్నీ కొత్త చోట మళ్లీ రాయాలి. మెయిల్ ఎక్కడికి పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు రాయడం మరిచిపోతే మీకు ఉత్తరాలు రావడం ఆగిపోతుంది, ఆగిందని మీకు చెప్పేవాళ్లూ ఉండరు. కొత్త 'ఏ' రికార్డో సీనేమో చేర్చినంత మాత్రాన మెయిల్‌కు ఏమీ కాదు, భయపడక్కర్లేదు.

సరిగ్గా పడిందో లేదో చూడటానికి విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, ఖాళీ వదిలి, సబ్‌డొమైన్ పేరు కొట్టండి. మీరు రాసిన ఐపీ, సీనేమ్ అయితే మీరు రాసిన పేరు, కనిపిస్తే అయినట్టే. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద కూడా తెరిచి చూడండి.

సర్టిఫికెట్

సైటు తెరుచుకుంటోంది కానీ "మీ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తోందంటే సర్టిఫికెట్, అంటే అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో తెరుచుకోవడానికి కావాల్సిన ధ్రువపత్రం, పడలేదు. అసలు సైటుకున్న సర్టిఫికెట్ సబ్‌డొమైన్‌కు దానంతటది పనిచేయదు. సీప్యానెల్‌లో సర్టిఫికెట్లు దానంతటదే వేసే ఆటోఎస్ఎస్ఎల్ ఉంటే డీఎన్ఎస్ కుదిరాక కొంతసేపటికి అదే వేస్తుంది. లేకపోతే ఎస్ఎస్ఎల్ స్థితి చూపే చోటుకు వెళ్లి నడపండి. బయటి కంపెనీ సేవ అయితే వాళ్లే వేస్తారు, వాళ్ల ప్యానెల్‌లో మీ పేరును ధ్రువీకరించాలి.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. గడువు దగ్గరపడుతోందని వాళ్లు ఇదివరకు మెయిల్ పంపేవాళ్లు, 2025 జూన్ నుంచి ఆపేశారు. డబ్బు పెట్టి కొనే సర్టిఫికెట్ల గడువు కూడా తగ్గుతోంది. పరిశ్రమ నియమం ప్రకారం 2026 మార్చి నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47 రోజులకు మించకూడదు. అంటే చేత్తో మార్చుకునే కాలం పోతోంది. మీ హోస్టింగ్‌లో దానంతటది తిరగరాసుకునే ఏర్పాటు లేకపోతే సబ్‌డొమైన్లు పెంచుకోకండి. ఒక్కో పేరూ 47 రోజులకోసారి మీ తలుపు తడుతుంది.

నక్షత్రం గుర్తుతో వచ్చే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ ఒకటి తీసుకుంటే అన్ని సబ్‌డొమైన్లకూ సరిపోతుంది, కానీ ఒక్క మెట్టు వరకే. షాప్.మీపేరు.ఇన్ దాని కిందికి వస్తుంది, దాని ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ తగిలిస్తే రాదు. కార్డుల మీద అచ్చేసేటప్పుడు సబ్‌డొమైన్ ముందు ఆ మూడు అక్షరాలూ వేయించకండి.

టెస్టింగ్ సైటు పెట్టుకునేవాళ్లకు

కొత్త డిజైన్ సరిచూసుకోవడానికి సబ్‌డొమైన్ మంచి చోటు, నేనూ అలాగే చేస్తాను. కానీ పేరు ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ చూడరనుకోకండి. విడిగా సర్టిఫికెట్ తీసుకున్న ఒక్కో పేరూ అందరూ వెతకగలిగే బహిరంగ జాబితాలకు ఎక్కుతుంది. దొంగ ప్రోగ్రాములు ఆ జాబితాలను చూస్తూనే ఉంటాయి. కాబట్టి ఫోల్డర్‌కు పాస్‌వర్డ్ పెట్టండి. రోబోట్స్ ఫైలులో వద్దని రాసినంత మాత్రాన చాలదు, అది మర్యాదగా అడగడమే తప్ప తలుపు వేయడం కాదు. కస్టమర్ల ఫోన్ నంబర్లున్న అసలు డేటాబేస్‌ను టెస్టింగ్‌కు కాపీ చేసుకోకండి. పని అయ్యాక సైటు తీసేయండి.

బయటివాళ్లకు మీ సబ్‌డొమైన్ ఇవ్వడం గురించి కూడా ఇక్కడే చెప్తాను. తెలిసినవాళ్లు అడిగారని వాళ్ల సైటుకు మీ పేరు కింద చోటు ఇవ్వకండి. సబ్‌డొమైన్‌లో ఉన్నవాళ్లు మీ మొత్తం డొమైన్‌కు వర్తించేలా కుకీలు (సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులు) పెట్టగలరు. వాళ్లు ఏ తప్పు చేసినా పోయేది మీ పేరు.

గూగుల్‌కు చెప్పడం

మీ సైటు సెర్చ్‌లో ఎలా కనిపిస్తోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో డొమైన్ ప్రాపర్టీ పెట్టుకోండి. డొమైన్ మీదేనని రుజువుగా వాళ్లిచ్చే టీఎక్స్‌టీ రికార్డు ఒక్కసారి డీఎన్ఎస్‌లో రాస్తే అసలు సైటూ సబ్‌డొమైన్లూ అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. సబ్‌డొమైన్ సైట్‌మ్యాప్ విడిగా ఇవ్వండి. సందర్శకుల లెక్కలకు గూగుల్ అనలిటిక్స్‌లో అదే కొలత ఐడీ రెండు చోట్లా పెడితే చాలు, ఒకే డొమైన్ కింద కాబట్టి ఇటు నుంచి అటు వెళ్లిన మనిషిని ఒకరిగానే లెక్కిస్తుంది. అసలు సైటు పైవరసలో సబ్‌డొమైన్‌కు లింకు, అక్కడ లోగో నొక్కితే తిరిగి ఇటు వచ్చే దారి, ఈ రెండూ మరవకండి.

మూసేయాల్సి వస్తే

బయటి సేవకు కట్టే డబ్బు ఆపేసే ముందు డీఎన్ఎస్ రికార్డు తీసేయండి. ఈ వరస ముఖ్యం. సేవ ఆపేసి సీనేమ్ అలాగే వదిలేస్తే, మీ పేరు ఖాళీ చోటుకు చూపిస్తూ ఉంటుంది. కొన్ని సేవల్లో ఎవరైనా వచ్చి ఆ ఖాళీ చోటును తమదిగా చేసుకోవచ్చు. అప్పుడు మీ పేరు మీద వాళ్ల పేజీ తెరుచుకుంటుంది, దొంగ లాటరీయో ఇంకోటో. ఏడాదికోసారి డీఎన్ఎస్ జాబితా తెరిచి, వాడుకలో లేని పేర్లు ఏరి పారేయండి.

సబ్‌డొమైన్‌ను ఫోల్డర్‌లోకి మార్చేదైతే మాత్రం రికార్డు తీయకూడదు, సర్టిఫికెట్ కూడా ఉంచాలి. పాత పేజీ ఒక్కోదాన్నీ దాని కొత్త అడ్రసుకు 301 రీడైరెక్ట్ చేయండి, అంటే శాశ్వతంగా మళ్లించండి. అన్నింటినీ హోమ్ పేజీకి పంపడం సులువే, కానీ చారల దర్రీ ధర కోసం వచ్చిన మనిషికి హోమ్ పేజీతో పనేముంది? ఈ రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది. నేనైతే డొమైన్ ఉన్నంత కాలం ఉంచుతాను.

కాక దుకాణానికి అదే చేశాను. ఖాతా శుభ్రం చేశాక ఐదు వర్డ్‌ప్రెస్‌లు తీసేసి, అన్నీ ఒకే సైటులో ఫోల్డర్లుగా సర్దాను. పాత ఐదు పేర్లూ కొత్త పేజీలకు దారి చూపిస్తూ ఇప్పటికీ ఉన్నాయి. మొన్నామధ్య సిద్దిపేట నుంచి ఒక టెంట్‌హౌస్ ఆయన మొదటిసారి అచ్చేసిన పాత కార్డు మీది హోల్‌సేల్ అడ్రసు కొట్టి, సరైన పేజీకే వచ్చి, నలభై జంపఖానాలకు ఫోన్ చేశాడట. ఆ సంగతి కాకే చెప్పాడు.